మెత్తక్క మోసిన మాటలు

ఆమెను ఇంట్లోవాళ్ళూ బయటివాళ్ళూ మెత్తక్క అనే పిలిచేవారు. అసలు పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూసేది కాదు. నోటి వెంట ఒక్క కటువైన మాట రాదని ఆ పేరు పడింది. ఎవరైనా తిడితే "పాపం, ఒంట్లో బాలేదేమో" అనేది. ఎవరైనా పొగిడితే మాత్రం అంత తేలిగ్గా నమ్మేది కాదు.

ఆ మెత్తదనం పుట్టుకతో వచ్చింది కాదు, చిన్నప్పుడే నేర్చుకుంది. ఆమె తల్లీ తండ్రీ ఒకే కప్పు కింద ఉంటూ వారాల తరబడి మాటలు మానేసేవారు. అవసరం పడితే మధ్యలో కూతుర్ని తిప్పేవారు. "తింటే తినమను, లేకపోతే మాడమను, నాకేం పోయింది" అని వంటగదిలోంచి తల్లి అనేది. ఆ పిల్ల ముందు గదిలోకి వచ్చి, "నాన్నా, అమ్మ భోజనానికి పిలుస్తోంది" అనేది. "ఆవిడ మొహం చూస్తే నాకు ముద్ద దిగదు" అని తండ్రి అనేవాడు. పిల్ల వెనక్కి పోయి, "నాన్న చేతులు కడుక్కుంటున్నాడమ్మా" అనేది. కాసేపటికి తండ్రి వచ్చి కూర్చునేవాడు. తల్లి వడ్డించేది. ఇద్దరు తమ్ముళ్ళూ ఏమీ తెలియకుండా పక్కనే ఆడుకునేవారు. మాటలో ముల్లు తీసేస్తే ఇల్లు నిలబడుతుందని ఆ పిల్లకు అప్పుడే గట్టిగా నాటుకుపోయింది.

పెళ్ళయి వెళ్ళింది. భర్త త్వరగానే పోయాడు. పిల్లలు లేరు. తిరిగి పుట్టింటికి వచ్చి, తండ్రి పెట్టిన కోత మిల్లులో కూర్చుంది. మిల్లంటే ఒక పొడవాటి రేకుల షెడ్డు. దాని ముందు భాగంలో పలకలతో అడ్డం కట్టిన చిన్న గది ఆమెది. వచ్చినవాళ్ళకి ఏ కలప కావాలో కనుక్కోవడం, పలకలు కొలిచి ఇవ్వడం ఆమె పని. అడ్డుగోడకి అవతల రంపం ఉండేది. పైన ఒక ఇనప చక్రం, కింద ఒకటి, రెండిటినీ చుట్టి బెల్టులా తిరిగే పొడవాటి బ్లేడు. పెద్ద తమ్ముడు దుంగను ట్రాలీ మీద ఎక్కించి బ్లేడు మీదికి నెట్టేవాడు. చిన్న తమ్ముడు అవతలి వైపు నిలబడి కోసిన పలకను అందుకునేవాడు. బ్లేడ్లకు సాన పట్టడం కూడా అతని పనే. ఇంట్లో వాళ్ళని పెద్దోడు, చిన్నోడు అనేవారు. పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టినా ఆ పిలుపులు మారలేదు. ఇల్లు కూడా ఒకటే. కింద పెద్దోడి కాపురం, మేడ మీద చిన్నోడిది, మెట్ల పక్క గది మెత్తక్కది.

తండ్రి పోయాక కూడా కొన్నాళ్ళు అంతా సవ్యంగానే సాగింది. తర్వాత తల్లికి జబ్బు చేసింది. అప్పుడు చిన్నోడు కలప చూసి రావడానికి చాలా దూరం వెళ్ళి ఉన్నాడు. కబురు అందే వీల్లేదు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్లు అన్నారు. పెద్దోడు సంతకం పెట్టాడు. తల్లి మళ్ళీ కళ్ళు తెరవలేదు.

చిన్నోడు వచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలోనే సంచి కింద పడేసి, "నన్నొక్క మాట అడక్కుండా అమ్మను బల్ల ఎక్కించావు. చంపింది నువ్వే" అన్నాడు.

"అమ్మ ఊపిరి అందక కొట్టుకుంటుంటే నువ్వెక్కడ ఊరేగుతున్నావురా?" అన్నాడు పెద్దోడు.

ఆ తర్వాత ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

మేనమామ ఒకసారి రాజీ చెయ్యడానికి వచ్చాడు. వచ్చే దారిలోనే తీర్పు రాసుకుని వచ్చాడాయన. ఇద్దర్నీ కూర్చోబెట్టి, "పెద్దవాడు పెద్దవాడేరా. తప్పు నీదైనా కాకపోయినా నువ్వే తగ్గు. ఒక్క మాట, తప్పయిందని అనేసెయ్, పీడా పోతుంది" అన్నాడు చిన్నోడితో. అని, ఇద్దరి చేతులూ పట్టుకుని, జిగురు రాసిన పలకల్ని అదిమినట్టు ఒకదాని మీద ఒకటి అదిమాడు. చిన్నోడు చెయ్యి లాగేసుకున్నాడు. పెద్దోడు తన అరచేతిని లాగుకి తుడుచుకున్నాడు. అది చిన్నోడు చూశాడు. మేనమామ, "మీ ఖర్మ" అని లేచి వెళ్ళిపోయి మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

అప్పట్నుంచి మాటలు మోసే పని మెత్తక్క మీద పడింది. పడిందనడం కంటే ఆమే ఎత్తుకుందనాలి. రంపానికి అటూ ఇటూ తిరుగుతూ చిన్నప్పటి విద్యే మళ్ళీ మొదలుపెట్టింది. "ఆ మొద్దు మొహానికి చెప్పు, పలక వంకర పోతోంది, కళ్ళు పెట్టి నెట్టమను" అని చిన్నోడు అంటే, "పెద్దోడా, కాస్త నిదానంగా నెడితే పలక ఇంకా బాగా వస్తుందంటున్నాడు" అని చేరవేసేది. "వాడు చెబితే నేను వినాలా? సాన పట్టడం చేతకాని వెధవ" అని పెద్దోడు అంటే, "అలాగేలే అన్నాడు" అని చెప్పేది. మిల్లు నడిచింది. ఇద్దరు మరదళ్ళూ ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకున్నారు. "మెత్తక్క లేకపోతే ఆ ఇల్లు ఎప్పుడో రెండు ముక్కలయ్యేది" అని వీధిలో అనుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడు ఆమెకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

కానీ అసలు మాటలేమిటో ఆమె ఒక్కదానికే తెలుసు. వాళ్ళిద్దరూ మెత్తటి మాటలే వింటున్నారు, గరుకంతా ఆమె దగ్గరే ఆగిపోతోంది. మొదట్లో ఆ మాటల్లో కోపం ఉండేది. కోపం ఆమెకు అలవాటే, దాన్ని ఎలా దువ్వాలో తెలుసు. తర్వాత వెటకారం వచ్చింది. ఆ తర్వాత వచ్చిందానికి ఆమెకు పేరు తెలియలేదు. ఒకరోజు పెద్దోడు ట్రాలీ పట్టాల మీద రంపపు పొట్టు ఊడుస్తూ, గొంతు పెంచకుండా, రేపు వాన పడొచ్చు అన్నంత మామూలుగా అన్నాడు: "వాడు ఎప్పుడైనా దుంగ కింద పడితే నేను ట్రాలీ ఆపనక్కా. చెబుతున్నా."

ఆమె ట్రాలీ వంక ఒకసారి చూసింది. అవతలికి వెళ్ళి, "ట్రాలీ దగ్గర జాగ్రత్తగా ఉండమన్నాడురా అన్నయ్య" అంది.

చిన్నోడు ఆకురాయి పక్కన పెట్టి ఆమె వంక అదోలా చూశాడు. "ఆయనా? నన్నా?" అన్నాడు. అంతే.

మిల్లులో కూడా ఏదో తేడా వచ్చింది. తండ్రి ఉన్నప్పుడు ఒక పద్ధతి ఉండేది. నెట్టేవాడు "వస్తోంది" అనాలి, అందుకునేవాడు "రానీ" అనాలి, ఆ తర్వాతే దుంగ కదలాలి. మాటలు పోయాక ఆ కేకలూ పోయాయి. పెద్దోడు కర్రతో పట్టా మీద కొట్టేవాడు. చిన్నోడు ఒక్కోసారి తిరిగి కొట్టేవాడు, ఒక్కోసారి కొట్టేవాడు కాదు. మెత్తక్క తన గదిలో కూర్చుని, మొదటి చప్పుడు విన్నాక రెండోది వినబడేదాకా ఊపిరి బిగబట్టేది. ఒక్కోసారి రెండోది లేకుండానే బ్లేడు కర్రలోకి దిగిపోయేది.

ఆ రోజు పొద్దున్నే ఒక మేస్త్రీ బండి మీద పెద్ద దుంగ తెచ్చాడు. పాత కట్టడంలోంచి తీసిన దూలం, ఇనుములా గట్టిది, మధ్యాహ్నానికల్లా కోసి ఇమ్మన్నాడు. మేస్త్రీ బయట బండి దగ్గర నిలబడ్డాడు. పెద్దోడు పట్టాల ఆ చివర దుంగను ట్రాలీకి బిగిస్తున్నాడు. రంపానికి ఎక్కించి ఉన్న బ్లేడును చిన్నోడు వెలుతురులో వేలితో తడుముకుంటూ వచ్చి, ఒక చోట ఆగిపోయాడు. మెత్తక్కను పిలిచాడు.

"ఇది చూడు. అతుకు పక్కన, పన్ను మొదట్లో. కనబడిందా?"

ఆమె వంగి చూసింది. వెంట్రుకంత సన్నటి గీత.

"పగులు. మెత్తటి కర్రైతే ఏమో గాని ఆ దూలం మీద ఇది నిలవదు. తెగిందంటే పాములా లేచి మీద పడుతుంది. వెళ్ళి చెప్పు ఆయనకి. ఈ బ్లేడు మీద ఆ దుంగ పెడితే తల తెగి ట్రాలీలో పడుతుంది, ఏరుకోవడానికి కూడా నేను రానని చెప్పు. ఇదే మాట చెప్పు."

మెత్తక్క రంపం దాటి ట్రాలీ దగ్గరికి నడిచింది. ఆ కాస్త దూరంలోనే, ఎన్నో ఏళ్ళ అలవాటు చొప్పున, మాట నోట్లో మెత్తబడిపోయింది. తల తెగడం అన్నది ఎలా చెబుతుంది తమ్ముడితో? శాపనార్థంలా ఉండదూ?

"పెద్దోడా, బ్లేడు కాస్త పాతబడిందట. వీలు చూసుకుని మారుద్దామంటున్నాడు."

"పాతబడిందా? నిన్నగాక మొన్నేగా ఎక్కించింది!" పెద్దోడు బోల్టు బిగిస్తూనే పళ్ళు నూరాడు. "పని ఎగ్గొట్టడానికి ఇదో సాకు. ఇష్టం లేకపోతే ఇంటికి పోయి పడుకోమను. పలక అందుకోవడానికి దారిన పోయే ఎవడైనా సరిపోతాడు."

ఆమె తిరిగి ఇవతలికి వచ్చింది. "ఈ ఒక్క దుంగా కానిచ్చేసి మార్చేద్దామన్నాడురా."

చిన్నోడి మొహంలో రంగు పోయింది. "పగులని చెప్పావా?"

ఆమె తల ఊపింది. అలా ఎందుకు ఊపిందో తర్వాత ఎంత తలుచుకున్నా ఆమెకు అంతుపట్టలేదు.

"విని కూడా కోస్తానన్నాడా? సరే. చూద్దాం ఆయన మగతనం" అని చిన్నోడు తన చోటికి పోయి నిలబడ్డాడు. కానీ రోజూ నిలబడే చోట కాదు. ఒక అడుగు వెనక్కి, స్తంభం చాటుకి. మెత్తక్క అది చూసింది. నోరు తెరిచింది. అప్పటికే మోటారు హోరు ఎత్తుకుంది.

కర్రతో ఒక దెబ్బ వినబడింది. రెండోది రాలేదు. దుంగ కదిలింది.

సగం దాకా బాగానే తెగింది. ఆ తర్వాత రంపం గొంతు మారింది, కీచుమంది. ఆ హోరు మీదుగా, ఏళ్ళ తర్వాత మొదటిసారి, చిన్నోడు అరిచాడు. "అన్నా! వదిలెయ్!" పెద్దోడు ఆ గొంతు విని ఉలిక్కిపడి పక్కకి తిరిగాడు. ఫట్ మని పెద్ద చప్పుడైంది. బ్లేడు చక్రం మీంచి ఎగిరి రేకుల్ని చీల్చి వెనక్కి కొట్టింది. మెత్తక్క పరిగెత్తుకొచ్చేసరికి పెద్దోడు మోకాళ్ళ మీద ఉన్నాడు, కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుని. పొట్టు ఎర్రగా తడుస్తోంది. మేస్త్రీ బండి మీదే అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

చెయ్యి మిగిలింది. రెండు వేళ్ళు మాత్రం ఇక వంగవని డాక్టరు చెప్పాడు.

మంచం మీద పెద్దోడు కళ్ళు తెరిచి అక్కను దగ్గరికి రమ్మన్నాడు. "వాడు స్తంభం వెనక్కి ఎందుకు పోయాడక్కా?" అని అడిగాడు. "వాడికి తెలుసు. తెలిసి నన్ను దాని ముందు నిలబెట్టాడు. నన్ను చంపాలనుకున్నాడు." గొంతులో ఆవేశం లేదు. లెక్క తేలినవాడిలా ఉన్నాడు.

ఆస్పత్రి వరండాలో చిన్నోడు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "పగులుందని కబురు పెట్టినా లెక్క చెయ్యలేదు. అంత అసహ్యమా నేనంటే? నా మాట వినడం కంటే చావడమే నయమనుకున్నాడా?" అన్నాడు.

మెత్తక్క గుమ్మంలో, ఇద్దరి మధ్యా నిలబడింది. ఈసారి మెత్తబరచడానికి ఆమె దగ్గర ఒక్క మాట కూడా లేదు.

పెద్దోడు ఇంటికి వచ్చాక ఇల్లు చడీచప్పుడు లేకుండా అయిపోయింది. పైన చిన్నోడి భార్య పిల్లల బట్టలు సర్దుతోంది. చిన్నోడు మేడ మీది తలుపుకి పగలు కూడా లోపల గడియ పెట్టుకుంటున్నాడు. కింద పెద్ద మరదలు మెత్తక్క గదిలోకి వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"వదినా, నాకు భయంగా ఉంది. ఆయన తిట్టడం లేదు. తిడితే బావుణ్ణు. కుర్చీ ముందుకి లాక్కుని పొద్దున్నుంచీ ఆ మెట్ల వంకే చూస్తున్నారు. మిల్లు నుంచి గొడ్డలి ఎందుకు తెప్పించుకున్నారో అడిగితే చెప్పడం లేదు."

మెత్తక్క లేచింది. మెట్లెక్కి తలుపు కొట్టి, "చిన్నోడా, కిందికి రా. నేను పిలుస్తున్నా. నా కోసం రా" అంది. ఆ గొంతు అతనికి కొత్తగా అనిపించి ఉండాలి, గడియ తీశాడు.

పెద్దోడి కుర్చీ పక్కన గోడకి గొడ్డలి ఆనించి ఉంది. మెత్తక్క దాన్ని తీసి తన చేతిలో పట్టుకుంది. మెట్టు మీద చిన్నోడు ఆగిపోయాడు. ఆమె ఊపిరి పీల్చుకుని చెప్పేసింది. పగులు గురించి చిన్నోడు అన్న మాట, ఉన్నదున్నట్టు, తల తెగి ట్రాలీలో పడుతుందన్నది కూడా. తాను చేరవేసిన మాట. పెద్దోడు అన్నది. దాన్ని తాను మార్చింది. అక్కడితో ఆగలేకపోయింది. సాన పట్టడం చేతకాని వెధవ, మొద్దు మొహం, ట్రాలీ ఆపనన్న మాట, ఏళ్ళ తరబడి లోపల పేరుకున్నవన్నీ బయటపడ్డాయి. ఆమె నోట అలాంటి మాటలు ఎవరూ ఎన్నడూ వినలేదు. చెబుతుంటే ఆమె పెదవులే ఎండిపోయాయి.

పెద్దోడు కుర్చీలోంచి సగం లేచాడు.

"అంటే వీడు చెప్పి పంపించాడా?" అన్నాడు పెద్దోడు.

"ఆయనకి పగులని తెలియదా?" అన్నాడు చిన్నోడు.

తర్వాత ఇద్దరూ ఒక్కసారే ఆమె మీద విరుచుకుపడ్డారు. "నీకెవరిచ్చారక్కా ఆ హక్కు?" అని ఒకడు, "నా మాట నా మాటగా చెప్పడానికి నీకేం నొప్పి?" అని ఇంకొకడు నిప్పులు చెరిగారు. ఎన్నో ఏళ్ళకి ఆ అన్నదమ్ములు ఒకే మాట మీద నిలబడ్డారు, అదీ ఆమెకు ఎదురుగా. ఆమె గొడ్డలి వదలకుండా గోడకి ఒరిగి ఏడ్చింది. ఏడుస్తూనే గమనించింది, చిన్నోడు మెట్లు దిగి అన్న కుర్చీ దాకా వచ్చేశాడు.

ఆ ఊపులోనే సమాధానపడిపోయారనుకుంటే పొరపాటు. మర్నాటికి ఇద్దరూ మళ్ళీ బిగుసుకుపోయారు. "వాడు అరిచాడు కాబట్టే తిరిగాను, తిరిగాను కాబట్టే చెయ్యి పోయింది" అని పెద్దోడు. "అరవకపోతే మెడ పోయేది" అని చిన్నోడు. పెద్ద మరదలే పట్టుబట్టి ఇద్దర్నీ ఆస్పత్రిలో కుటుంబాల తగాదాలు చూసే ఒక కౌన్సెలరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. పొట్టిగా, దగ్గుతూ, టేబుల్ మీద మందు బిళ్ళలు పెట్టుకుని కూర్చునే మనిషి. ఎవరిది తప్పని అడగలేదామె. ముందు ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడింది, ఇంట్లో ఎవరికి ఎవరంటే భయమో కనుక్కుంది. గొడ్డలి సంగతి విని దాన్ని ఇంట్లోంచి పంపించేదాకా ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టనంది. ఆ తర్వాత కలిపి కూర్చోబెట్టింది. ఒకరు మాట్లాడాలి, రెండోవారు జవాబు చెప్పే ముందు తాము విన్నదేమిటో తిరిగి చెప్పాలి, అవతలివారు "అవును, నేనన్నది అదే" అన్నాకే ముందుకి పోవాలి. మొదట మిల్లు సంగతే మాట్లాడాలి, తల్లి ఊసు ఇప్పుడే ఎత్తకూడదు.

మెత్తక్క కూడా లోపలికి వెళ్ళబోతే ఆమె అడ్డం పడింది. "మీరు వద్దమ్మా. మీరుంటే వాళ్ళు మీకే చెబుతారు."

మెత్తక్క బయట బల్ల మీద కూర్చుంది. లోపల్నుంచి కేకలు వినబడుతుంటే చెవులు మూసుకోవాలో తలుపు తోసుకుని వెళ్ళాలో తెలియక బల్ల అంచు పట్టుకుంది. నాసిరకం కర్ర, గోరు గుచ్చితే దిగుతోంది.

అలా చాలాసార్లు వెళ్ళారు. కొన్నిసార్లు వెళ్ళిన దానికంటే కోపంగా తిరిగి వచ్చారు. చిన్నోడు చివరికి ఆ ఇంట్లోంచి కాపురం వేరే వీధికి మార్చాడు, అదీ ఇద్దరూ మాట్లాడుకునే చేసుకున్నారు. మిల్లు మాత్రం కలిసే నడుపుతున్నారు. చిన్నోడు దుంగ నెడతాడు. అవతల పలక అందుకోవడానికి ఒక కూలి మనిషిని పెట్టుకున్నారు. పెద్దోడు బాగున్న చేత్తో స్విచ్చి పట్టుకుని నిలబడతాడు. ఇద్దరూ గట్టిగా, మొహం మీదే మాట్లాడుకుంటారు, ఒక్కోసారి వినడానికి బావుండదు.

ఇక మెత్తక్క మాటంటే ఎవరికీ పూర్తి నమ్మకం లేదు. మేస్త్రీ రేపు రమ్మన్నాడని చెప్పినా, "అన్నాడా, నువ్వన్నావా?" అని అడుగుతారు. తిట్టినట్టు అడగరు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు. ఆమెకు అదే ఎక్కువ బాధ.

ఒక మధ్యాహ్నం మోటారు ఆగిపోయింది. అడ్డుగోడ అవతల చిన్నోడి గొంతు వినబడింది. "అమ్మ విషయం అడుగుతా. ఇవాళ చెప్పు."

మెత్తక్క చేతిలోని కొలత టేపు బల్ల మీద పెట్టి లేచింది. తలుపు దాకా వెళ్ళింది. అక్కడే ఆగి, తిరిగి వచ్చి కూర్చుంది.

"సంతకం పెట్టేటప్పుడు నీ చెయ్యి వణికిందా?" అన్నాడు చిన్నోడు.

పెద్దోడు ఏం చెప్పాడో వినబడలేదు. తర్వాత ఏమీ వినబడలేదు. కూలి మనిషి బయటికి వచ్చి, ఆమె వంక చూసి, ఎండలోకి పోయి నిలబడ్డాడు. అవతల దుంగ మీద బరువుగా ఏదో పడిన చప్పుడైంది. మనిషా, చెయ్యా, పనిముట్టా తెలియలేదు. కేకలైతే భరించగలదు, ఈ నిశ్శబ్దమే ఆమెకు పడదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. లేవకూడదు. వాళ్ళ మాట వాళ్ళది.

చాలాసేపటికి పెద్దోడి గొంతు వినబడింది, బొంగురుగా. "నేను... నువ్వొచ్చేదాకా ఆగాల్సిందా? చెప్పరా. ఆగితే బతికేదా?"

"నాకేం తెలుసు!" చిన్నోడు అరిచాడు. "నాకూ తెలియదు! అదేగా నా ఏడుపు!"

"అయితే అరవకు!"

"అరుస్తాను!"

రెండు గొంతులూ ఒకదాని మీదొకటి లేచాయి. రేకుల కప్పు దద్దరిల్లింది. బయట దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. మెత్తక్క టేపు అందుకుని, ముందున్న పలక మీద పరిచి, కొలవడం మొదలుపెట్టింది.